తీపి గుమ్మడిలో ఉప్పు

కిందటి వారం మియోక్‌ని అత్తగారింటి వంటింట్లో ఒంటరిగా వదిలి వచ్చాం. ఆమె ఎదురుగా బల్ల మీద తోడికోడలు దాన్‌బి చేసి పెట్టిన తీపి గుమ్మడి ముద్ద ఉంది. చేతికందే దూరంలో ఉప్పు జాడీ ఉంది. బయట దాన్‌బి ఫోన్లో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది. ఆ రోజు అత్తగారు కుమ్రే పుట్టినరోజు. భోజనాలయ్యాక తన టోఫు కొట్టును ఏ కోడలి చేతిలో పెట్టేదీ చెబుతానని ఆవిడ ముందే చాటింది. చిన్నకోడలికేనని ఛోదాంగ్ టోఫు కొట్ల వీధి వీధంతా అప్పుడే తేల్చేసింది.

మియోక్ జాడీ మూత తీసింది.

మూత తీసేటప్పుడు కూడా, ఉప్పు తడిసిందేమో చూద్దామని తనకు తానే ఓ సాకు చెప్పుకుంది. వేళ్లు ముతక ఉప్పులో దిగబడ్డాక ఆ సాకు ఎటు పోయిందో పోయింది. గుప్పెడు తీసి ముద్దలో వేసి గరిటెతో కలిపింది. వెచ్చగా ఉందేమో, ఉప్పు ఇట్టే కరిగిపోయింది. చాలదనిపించి ఇంకో గుప్పెడు వేసింది. కలిపేటప్పుడు లోపలికి పోయిన ఎర్ర చిక్కుడు గింజల్ని ఏరి, పైన మళ్లీ వరసగా పేర్చింది. గరిటె కడిగింది. చేతులు తుడుచుకుంది. దాన్‌బి లోపలికి వచ్చేసరికి మియోక్ తన నాచు చారు గిన్నె ముందు నిలబడి, కలపాల్సిన పని లేకపోయినా కలుపుతోంది.

"అబ్బ, ఏం వాసనక్కా! పొద్దున్నే వచ్చి పెట్టారా పొయ్యి మీద?" అంది దాన్‌బి.

"తెల్లారకముందే పెట్టాను. పుట్టినరోజు చారు అప్పటికప్పుడు చేసేది కాదుగా."

ఆ మాట తనకు తగలాలనే అన్నదని దాన్‌బికి తెలుసు. అయినా నవ్వేసి ఊరుకుంది. మియోక్ ఒళ్లు మండేది ఆ నవ్వుకే.

దాన్‌బి ఈ ఇంటికి వచ్చి ఏడాది కూడా కాలేదు. ఆమె భర్త గ్యుహాన్ ఉల్సాన్‌లో ఓడలు కట్టే చోట పని చేస్తాడు. వసంతంలో కుమ్రే కొట్టులోనే కుప్పకూలి, ఆ తర్వాత రోజుల తరబడి జ్వరంతో మంచం పట్టినప్పుడు, అత్తగారికి తోడుగా దాన్‌బి ఒక్కతీ ఇక్కడికి వచ్చేసింది. ఉప్పు తగ్గించమని, పంచదార మానమని డాక్టరు చెప్పాడు. వచ్చిన రోజున ముల్లంగి తరగడం కూడా ఆ పిల్లకు రాదు. పొయ్యి వెలిగించాలంటే భయం. అందుకని ఫ్రిజ్‌లో ఏది కనిపిస్తే దానితో ఏదో ఒకటి చేసేది. కప్పులో గుడ్డు గిలక్కొట్టి, గుప్పెడు మెత్తటి టోఫు చిదిపి, మైక్రోవేవ్‌లో పెట్టేది. అది పొంగి వచ్చేలోగా మధ్యాహ్నం భోజనం అయిపోయినట్టే. బాగా పండిన అరటిపండు నలిపి ఓట్స్‌లో కలిపి పెనం మీద చిన్న చిన్న అట్లు పోసేది. మగ్గిన పర్సిమన్ పండును గడ్డ కట్టించి, పై తొక్క తీసి, చెంచా పెట్టి ఇచ్చేది. పంచదార గింజ కూడా వేసేది కాదు.

వంటంటే ఇదా? మియోక్ చూసి మొదట్లో నవ్వుకుంది. తర్వాత తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది.

ఎందుకంటే కుమ్రే ఆ కప్పులు ఖాళీ చేసేది. అడుగంటా గీకి తినేది. "ఎంత తియ్యగా ఉందే!" అని నోరారా అనేది. అదే మియోక్ రాత్రంతా ఎముకలు ఉడికించి తెచ్చిన చారు తెచ్చినట్టే వెనక్కి వెళ్లేది. ఇరవై ఏళ్లకు పైగా ఆ అత్తగారి కొట్టులో పెద్ద కళాయి పక్కన నిలబడి, సోయా పాలల్లో సముద్రపు నీళ్లు పోసి విరిచే విద్య నేర్చుకుంది మియోక్. పోత కాస్త ఎక్కువైతే మోచేతి మీద గరిటెతో దెబ్బ పడేది. ఇన్నేళ్లలో ఆవిడ నోటి నుంచి వచ్చిన పెద్ద మెప్పు ఒక్కటే: "తినొచ్చు." ఆ ఒక్క మాట కోసం మియోక్ చలిలో, వానలో, కడుపుతో ఉన్నప్పుడు కూడా కళాయి దగ్గర నిలబడింది. ఈ వేసవిలో ఓ పొద్దున ఆవిడ కొట్టు తలుపు దగ్గరే ఆపి, "రేపట్నుంచి నువ్వు కళాయి దగ్గరకి రానక్కర్లేదు. చిన్నది ఉంది" అంది. కారణం చెప్పలేదు. ఆ రోజు నుంచి మియోక్‌కి అన్నం సయించడం లేదు.

అందుకే ఈ గుప్పెళ్లు. అత్తగారి నాలుక సంగతి ఊరందరికీ తెలుసు. సముద్రపు నీళ్లు ఒక్క చుక్క వేసుకుని, ముందు రోజు వాన పడిందో లేదో చెప్పేది. ఆ నాలుక మీద ఈ ముద్ద పడగానే ఏమవుతుందో మియోక్ కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది. చెంచా విసిరేస్తుంది. "ఇది తిండేనా?" అని అరుస్తుంది. ఆ అరుపు దాన్‌బి మీద పడాలి. జన్మలో ఒక్కసారైనా పడాలి.

మధ్యాహ్నానికి నలుగురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. గ్యుహాన్‌కి సెలవు దొరకలేదు. మియోక్ భర్త థేసూ తల్లికి ఎదురుగా కూర్చుని, పచ్చళ్ల గిన్నెలు ఆవిడ వైపు జరుపుతూ పాత పాటే ఎత్తుకున్నాడు.

"అమ్మా, ఈ వయసులో ఆ ఆవిరి ముందు నిలబడడం అవసరమా? బీచ్ దగ్గర కాఫీ కొట్లవాళ్లు మళ్లీ అడిగారు. స్థలం ఇస్తే చాలంటున్నారు."

"నా నాలుక చెడ్డ రోజున ఇచ్చేద్దువుగాని. అందాకా ఆ పొయ్యి ఆరదు. పుట్టినరోజు పూట నోరు మూసుకుని తిను" అంది కుమ్రే.

మియోక్ నాచు చారు గిన్నె ఆవిడ ముందు పెట్టింది. కుమ్రే చెంచా ముంచి, పెదాలకు తాకించి, పక్కన పెట్టేసింది.

"బాలేదా అత్తయ్యా?"

"బాగానే ఉంటుందిలే. ఆకలి లేదు."

ఆకలి లేదట! ఆ వెంటనే దాన్‌బి గుమ్మడి ముద్ద తెచ్చి పెడితే ఆవిడ ముఖం వెలిగింది. పెద్దావిడ చెంచా ఎత్తందే ఎవరూ ఎత్తరు గనక అందరూ చూస్తూ కూర్చున్నారు. దాన్‌బి ఈలోగా బావగారికని చిన్న కప్పులో కొంచెం వడ్డించి పక్కన పెట్టింది. మియోక్ ఆవిడ చెంచానే చూస్తోంది. ఇప్పుడు. ఇప్పుడు.

కుమ్రే నిండు చెంచా నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది.

"అబ్బా," అంది. "ఎంత తియ్యగా ఉందే!"

మియోక్‌కి ఒక్క క్షణం తన చెవుల మీదే అనుమానం వచ్చింది. తర్వాత కోపం భగ్గుమంది. ఇంత ఉప్పు మింగి కూడా దీన్ని వెనకేసుకొస్తోందా! నా చారులో ఒక్క ఉప్పు గింజ ఎక్కువైతే చెయ్యి వాచేలా కొట్టిన మనిషి, ఇదేం చేస్తే అది అమృతం అనడానికి సిద్ధపడిపోయిందా! అంత ప్రేమ ఎక్కడ దాచుకుంది ఇన్నాళ్లూ? నాకివ్వడానికి గోరంతైనా మిగల్లేదేం?

ఆవిడ రెండో చెంచా తీసుకుంది. మూడోది తీసుకుంది.

తను సరిగా కలపలేదేమోనని మియోక్ తన చెంచా చాచి, అత్తగారి గిన్నె అంచు నుంచి కాస్త తీసి నోట్లో వేసుకుంది. నాలుక చుట్టుకుపోయింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మింగలేక, ఉమ్మలేక గుటక వేసింది. ఎదురుగా అత్తగారు నాలుగో చెంచా తింటోంది, ప్రశాంతంగా, చిన్నపిల్లలా. మూతి ముడుచుకోలేదు. కనుబొమ కదల్లేదు. కావాలని నటించే మనిషి అలా తినలేదు.

అప్పుడు తెలిసింది మియోక్‌కి. ఆవిడ రక్తపోటు మాత్రలు గుర్తొచ్చాయి, డాక్టరు మాటలు గుర్తొచ్చాయి. చెయ్యి దానంతట అదే వెళ్లి గిన్నె పట్టుకుంది.

"చాలత్తయ్యా. ఇంక తినకండి."

"వదులు."

"వద్దత్తయ్యా, చెప్తున్నాగా."

"ఏమే పెద్దదానా, కన్నుకుట్టిందా?" కుమ్రే గిన్నె తనవైపు లాక్కుంది. "పుట్టినరోజున నాకిష్టమైంది తింటుంటే కూడా ఓర్చుకోలేవా?"

"మియోక్, ఏంటిది? తిననివ్వు" అని థేసూ విసుక్కున్నాడు.

దాన్‌బి మియోక్ ముఖంలోకి చూసింది. తర్వాత గిన్నెలోకి చూసింది. ఓ వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. ఆ పిల్ల ముఖంలో రంగు మారడం మియోక్ ఒక్కతే చూసింది. మరుక్షణం దాన్‌బి లేచి నవ్వుతూ, "చల్లారిపోయింది అత్తయ్యా, వెచ్చబెట్టి తెస్తాను. ఈలోగా ఈ మంచినీళ్లు మొత్తం తాగెయ్యండి, గుమ్మడి గొంతుకి అడ్డం పడుతుంది" అని గ్లాసు ఆవిడ చేతికిచ్చి, గిన్నె పట్టుకుని లోపలికి నడిచింది. వెళ్తూ వెళ్తూ, "అక్కా, ఒక్కసారి రండి" అంది.

వంటింటి తలుపు మూసి, దాన్‌బి గిన్నె బల్ల మీద పెట్టింది.

"ఎంత వేశారు?"

"ఏంటి?"

"ఉప్పక్కా. బీపీ మనిషి. ఎంత లోపలికి పోయిందో నాకు తెలియాలిగా."

"నేనే వేశానని ఎవరన్నారు? నీకు వంట రాక..."

"గింజలు చూశాను. నేను అంత వరసగా పేర్చలేను."

మియోక్ బల్ల అంచు పట్టుకుంది. "రెండు గుప్పెళ్లు" అంది చివరికి. "ఆవిడ ఉమ్మేస్తుందనుకున్నా. ఒక్క చెంచా కూడా మింగదనుకున్నా."

దాన్‌బి గిన్నెను చెత్తబుట్టలోకి వంపింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది మియోక్‌కి.

"ఆవిడకి రుచి తెలీడం లేదు. ఎప్పట్నుంచి?" అని అడిగింది మియోక్.

"ఆ జ్వరం తగ్గినప్పట్నుంచే. మొదట నాకూ తెలీలేదు. ఓ రోజు టోఫులో అరటిపండు కలపబోయి, మురిగిపోయిన వెల్లుల్లి ముద్ద కలిపేశా. రెండూ ఒకే రకం డబ్బాల్లో ఉన్నాయి. ఆవిడ తిని, ఎంత తియ్యగా ఉందే అంది. అప్పుడు పట్టుకుని అడిగితే ఒప్పుకుంది. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుంది. బావగారికి తెలిస్తే మర్నాడే కొట్టు అమ్మేస్తారని ఆవిడ భయం."

"మరి నా చారు ఎందుకు ముట్టదు?" అంది మియోక్. "నీదీ రుచి తెలీదు, నాదీ తెలీదు. రెండూ ఒకటే అయినప్పుడు నీ కప్పు గీకి తిని, నా గిన్నె ఎందుకు తోసేస్తుంది?"

దాన్‌బి ఖాళీ గిన్నె సింకులో పెట్టింది.

"మీ చారు ఎలా ఉంటుందో ఆవిడకి గుర్తుందక్కా. నోట్లో పెట్టుకుంటే ఆ రుచి రాదు. వేడి నీళ్లు తాగినట్టుంటుందట. నావి ఎప్పుడూ తిన్నవి కావుగా. ఎలా ఉండాలో తెలీదు గనక ఎలా ఉన్నా ఫరవాలేదు. మెత్తగా ఉంటే చాలు. ఓసారి మీరు ఎముకల చారు ఇచ్చి వెళ్లిపోయాక, ఆ గిన్నె ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చింది."

"ఏడ్చిందా?"

"ఊఁ."

"నీ ముందా?"

"నా ముందే."

ఇన్నేళ్లు మియోక్ ఎదురుచూసిన మాట అది. తన చారు ఆవిడకు గుర్తుంది. తన చారు కోసం ఆవిడ ఏడ్చింది. కానీ సంతోషించేలోపే ఇంకోటి వచ్చి పొడిచింది. ఆ ఏడుపు తన ముందు ఏడవలేదు. ఆ మాట తనతో అనలేదు. ఆ కన్నీళ్లు కూడా దీనికే దక్కాయి. ఇలాంటప్పుడు కూడా తనలో కుళ్లు చావలేదని తెలిసి మియోక్‌కి తన మీద తనకే రోత పుట్టింది. అయినా అది చావలేదు.

"మరి కళాయి దగ్గర?" అంది. "సముద్రపు నీళ్లు రుచి చూసి పోసేది ఎవరు?"

"నేనే." దాన్‌బి తల దించుకుంది. "నాకేం తెలుసక్కా? ఆవిడ అడుగుతుంది, చాలా అని. నేను చాలంటాను. కొన్నాళ్లు టోఫు గట్టిగా వస్తోంది, కొన్నాళ్లు చేదు తగుల్తోంది. ఎప్పుడూ వచ్చేవాళ్లు మానేస్తున్నారు. మిమ్మల్ని పిలుద్దామని ఎన్నిసార్లు చెప్పానో. 'అది ఒక్క చూపులో పట్టేస్తుంది, దాన్ని రానివ్వకు' అంటుంది."

తనని గెంటేసింది తనకు చేతకాక కాదు. తనకు బాగా చేతనవును గనక.

"ఇవాళ నా పేరు చెప్తుందక్కా. నాకొద్దు. నేను కాదంటే ఎందుకని బావగారు అడుగుతారు. మీరే ఏదో ఒక..."

భోజనాల గదిలోంచి పెద్దగా దగ్గు వినిపించింది. ఆ వెనకే కుర్చీ జరిగిన చప్పుడు అయింది. తలుపు తోసుకుని థేసూ వచ్చాడు. అతని చేతిలో దాన్‌బి ఇందాక వడ్డించిన చిన్న కప్పు ఉంది.

"ఏంటిది?" అతని గొంతు ఇల్లంతా అదిరేలా ఉంది. "చెంచాడు నోట్లో పెట్టుకుంటే ప్రాణం పోయింది! ఏం కలిపావమ్మా దీన్లో?"

"పొరపాటైంది బావగారూ" అంది దాన్‌బి వెంటనే. "పంచదార అనుకుని..."

"పంచదారే వాడవుగా నువ్వు! నీ గొప్పంతా అదేగా! ఇంత ఉప్పు తింటే అమ్మ గతేమిటో తెలుసా నీకు? చదువుకున్నదానివి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేదానివి నువ్వేగా?"

"క్షమించండి. చూసుకోలేదు."

కుమ్రే గుమ్మం పట్టుకుని అతని వెనకే వచ్చి నిలబడింది. "ఉప్పు" అన్న మాట దగ్గర ఆవిడ ముఖం పాలిపోయింది. కానీ వెంటనే సర్దుకుని దాన్‌బి వైపు చూసింది. ఆ చూపులో ఎంత ఆపేక్ష ఉందో, ఎంత కృతజ్ఞత ఉందో మియోక్‌కి స్పష్టంగా కనిపించింది.

"పోనీలేరా," అంది కుమ్రే. "చిన్నపిల్ల. నా కోసం హడావుడిలో చేసింది. తిట్టకు."

దాన్‌బి అలాగే తల వంచుకుని నిలబడి ఉంది, చెయ్యని తప్పు భుజాన వేసుకుని. రేపు అత్తగారు ఈ సంగతి తలుచుకుని ఇంకాస్త కరిగిపోతుంది. మంచిది, నోరెత్తని పిల్ల అనుకుంటుంది. మియోక్‌లో ఏదో తెగింది. తన తప్పు కూడా దీని మంచితనం ఖాతాలోకే పోవాలా? కనీసం తను చేసిన పాపమైనా తనదిగా మిగలకూడదా?

"ఉప్పు వేసింది నేను" అంది.

థేసూ అర్థం కానట్టు చూశాడు. "ఏంటీ?"

"నేనే వేశాను. దీనికి తెలీదు. ఇది ఫోన్లో ఉన్నప్పుడు రెండు గుప్పెళ్లు వేసి కలిపాను."

"పిచ్చి పట్టిందా నీకు? ఎందుకు?"

"ఓర్వలేక." మాట బయటికి వచ్చాక మిగతాది ఆగలేదు. "మీ అమ్మ దీన్ని మెచ్చుకుంటుంటే ఓర్వలేక. నన్ను ఒక్కనాడూ మెచ్చుకోలేదని ఓర్వలేక. దీన్ని తిట్టాలని, నా చెవులతో నేను వినాలని వేశాను. మీ అమ్మకి ఏదైనా అవుతుందని ఆ నిమిషంలో తట్టలేదు. అంతే."

దాన్‌బి తలెత్తి, వద్దన్నట్టు కళ్లతో సైగ చేసింది. అప్పటికే ఆలస్యమైంది. థేసూ భార్య వైపు చూస్తూనే ఉన్నాడు, కానీ అతని కోపం ఎక్కడో దారి తప్పింది. కప్పులోకి చూశాడు. చెత్తబుట్టలో గుమ్మడి ముద్ద వైపు చూశాడు. తర్వాత నెమ్మదిగా తల్లి వైపు తిరిగాడు.

"అమ్మా," అన్నాడు. "నేను ఒక్క చెంచా మింగలేకపోయాను. నువ్వు నాలుగు చెంచాలు తిన్నావు. ఎంత తియ్యగా ఉందే అన్నావు."

కుమ్రే గుమ్మాన్ని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"అమ్మా, నీకు తెలీలేదా?"

ఆవిడ గుమ్మం వదిలి ఒక్క అడుగు ముందుకు వేసి తూలింది. పక్కనే ఉన్న దాన్‌బి చెయ్యి చాచింది. ఆవిడ ఆ చెయ్యి అందుకోలేదు. దాటి వచ్చి మియోక్ మణికట్టు పట్టుకుంది. ఇన్నేళ్లలో ఆవిడ కోడల్ని కొట్టడానికి కాకుండా ముట్టుకోవడం అదే మొదలు. పట్టు బిగుసుకుంది. చెప్పమనో, చెప్పొద్దనో ఆ వేళ్లను బట్టి మియోక్‌కి తెలియలేదు.

థేసూ కప్పు బల్ల మీద పెట్టాడు.

"నీకు తెలుసు కదూ మియోక్?" అన్నాడు. "నువ్వు చెప్పు."